చావు కబురు ఏ నుడిలో?

(దేశనూరులో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు పత్రికలో వేయించే ప్రకటన గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఇది చిన్న విషయమే అనిపించవచ్చు. కాని మన ఇళ్లలో తెలుగు ఎంత మిగిలి ఉందో అక్కడే తేలిపోతుంది.

1953 అక్టోబరు 1న ఉమ్మడి బళ్లారి జిల్లా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రంలో చేరాయి. సిరుగుప్ప తాలూకాతో పాటు మన దేశనూరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. ఎల్లలు మారాయి గాని వియ్యాలు తెగలేదు. మన ఆడపడుచులు నేటికీ ఆదోని వైపు ఉన్నారు. చావు కబురు ఇరువైపులా చేరాలి.

పత్రికలు జిల్లాకొక సంచికగా వస్తున్నాయి. బళ్లారి సంచికలో వేసిన ప్రకటన ఆదోని బంధువుల కంటబడదు. కనుక ఏ సంచికలో వస్తుందో ముందే అడిగి, ఇక్కడ కన్నడంలో ఒకటి, అక్కడ తెలుగులో ఒకటి వేయించాలి. కన్నడం మన దుఃఖాన్ని పంచుకునే ఇరుగుపొరుగుల నుడి. దాన్ని గౌరవిస్తూనే మన నుడిని నిలుపుకోవాలి.

ఇటీవల మా బంధువుల ఇంట అటువంటి ప్రకటన రాయడానికి కూర్చున్నాము. పట్టభద్రుడైన మనుమడు కన్నడంలో, ఇంగ్లీషులో చకచకా రాశాడు. తెలుగులో తాత పేరు రాయమంటే కలం కదలలేదు. ఆ బిడ్డను తప్పుపట్టలేము. అతడికి తెలుగు బడి లేదు. ఇంగ్లీషు ప్రకటనలో మేనమామ, పెదనాన్న, చిన్నాన్న అందరూ ‘అంకుల్’ అయిపోయారు. వరుస పోతే బంధుత్వమే మసకబారుతుంది.

ఒక ప్రాంత జనాభాలో 15 శాతమో అంతకు మించో ఉన్న భాషా అల్పసంఖ్యాకులకు ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలో అందాలన్నది అంగీకరించిన రక్షణ. దానికోసం మనం అడగవలసిందే. కాని మన ఇంటి ప్రకటనకు ఏ శాతమూ అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. అక్కడ కూడా తెలుగును మనమే వదులుకుంటే, ప్రభుత్వాన్ని ఏ ముఖంతో అడుగుతాము?

మరొక మాట. పత్రికలో ప్రకటన వేయించినంత మాత్రాన మరణం నమోదు అయినట్లు కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజులలోగా విడిగా నమోదు చేయించాలి. పేరు, ఇంటిపేరు రెండుచోట్లా ఒకే తీరున ఉండేలా చూసుకోండి.

చివరగా నా మనవి. ఇంట్లో పెద్దలు ఉండగానే ఇంటిపేర్లు, ఊళ్లు, బంధువుల వరుసలు వారి నోట చెప్పించి, పిల్లల చేత తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాయించండి. అది చావు కోసం చేసే ఏర్పాటు అనుకోవద్దు. రేపటి పెళ్లిపత్రికకూ అదే ఆధారం.

సెలవు.