మాట రాని పిల్ల తరఫున

మా బడి సారు పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి పిలవగానే ఒప్పుకున్నాను. ఏ పిల్లకైనా సరిగ్గా వినబడటం లేదని అనుమానమొస్తే, ఆయన ఆ పిల్లను ముందు బెంచీలో కూచోబెట్టేవారు. అప్పట్లో మా బడికి తెలిసిన వైద్యం అదొక్కటే.

రెండేళ్లు నిండినా మాట రాకపోతే మన ఇళ్లల్లో ఏమంటారు? "దాని మేనమామకు గూడ ఆలస్యంగనే వచ్చినయ్ తియ్యి." ఆ "తియ్యి" దగ్గరే ఏడాది పోతుంది. తర్వాత శివ్వంపేట నుంచి నర్సాపూర్, బాలానగర్, బోయినపల్లి దాకా బస్సులు, ఆపైన ఆటోలో మనోవికాస్‌నగర్. అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం అక్కడుంది. వినికిడిని కొలిచే బేరా పరీక్షకు బిడ్డ నిద్రపోవాలి. బస్సులో దారంతా నిద్రపోయిన బిడ్డ అక్కడ కన్ను మూయదు. తల్లి భుజానేసుకుని వరండాలో తిరుగుతూనే ఉంటుంది.

చెవి మిషను పెట్టగానే మాట రాదు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఒక పూట పని, మాట నేర్పడం ఏళ్ల పని. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. థెరపిస్టులు మాత్రం ఎక్కువమంది పట్నంలోనే. తల్లి పోగొట్టుకునే కూలి ఏ ప్యాకేజీలోనూ రాదు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. మా ఆడియాలజిస్టులను, స్పీచ్ థెరపిస్టులను నమోదు చేసేది 1992 చట్టంతో వచ్చిన ఢిల్లీలోని పునరావాస మండలి. కానీ జిల్లా ఆసుపత్రిలో పోస్టు నింపాలన్నా, ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రానికి స్పీచ్ థెరపిస్టును పంపాలన్నా రాష్ట్రమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రతి రాష్ట్రానికీ ఒక సలహా మండలి, ఒక కమిషనర్ ఉండాలంది. వాళ్ల ముందు మా పని గురించి చెప్పేదెవరు?

అమెరికాలో ఈ వృత్తివాళ్ల సంఘం ఉంది. దాని పొట్టిపేరు ఆశా, మన ఆశా కార్యకర్తల పేరే! రాష్ట్రానికి ముగ్గురు స్వచ్ఛంద ప్రతినిధులు: బడుల సంగతికి ఒకరు, బీమా చెల్లింపులకు ఒకరు, వృద్ధుల ప్రభుత్వ బీమాకు ఒకరు. ఆ బీమా తలనొప్పులు మనకొద్దు, మనవి మనకున్నాయి. ఆరోగ్యశ్రీ ట్రస్టుతో మాట్లాడేందుకు ఒకరు, విద్యాశాఖకు ఒకరు, పురిటి వార్డులకు ఒకరు ఉంటే చాలు. 2013లో వచ్చిన బాల స్వాస్థ్య పథకం జాబితాలో పుట్టుచెవుడు ఉంది, దాని జిల్లా కేంద్రంలో ఆడియాలజిస్టు ఉండాలనీ ఉంది. ఉన్నారా అని ఏటా అడిగే మనిషి కావాలి. తప్పు మాదే. మాకు ఆడియోగ్రామ్ చదవడం నేర్పారు, జీవో చదవడం మేం నేర్చుకోలేదు.

పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స. చాలా దేశాలు పాటించే లెక్క ఇది. మన జిల్లాలో పుట్టే ప్రతి బిడ్డకూ ఇది దక్కాలని ఒక అర్జీ రాసి తెచ్చాను. మార్చి 3, ప్రపంచ వినికిడి దినం నాడు కలెక్టరేట్‌లో ఇద్దాం. కాగితం బయట బల్ల మీదుంది. సంతకం పెట్టి వెళ్లండి, వేలిముద్రకు సిరాడబ్బీ కూడా పెట్టించాను.