కబురు చేరాలి
(రేడియో ప్రసంగ పాఠం)

పొలం పని ముగించుకొని వింటున్నవారు, ఆసుపత్రి మంచం మీద నుండి వింటున్నవారు, కొద్ది నిమిషాలు నాతో కలిసి ఆలోచించండి.

ఆర్మూరు దగ్గరి నుండి ఒక పసుపు రైతు రాసిన ఉత్తరం నా ముందున్నది. "అయ్యా, మా బిడ్డ ఇంజనీరింగ్ అయినంక పి.హెచ్.డి.ల చేరింది. ఒంట్లో కణాలు ఒకదానితోని ఒకటి ఎట్ల మాట్లాడుకుంటయో చూసి, అట్లనే మందులతోని కబుర్లు పంపుడు కనిపెడతరట. ఇంకా నాలుగేండ్లు పడుతదట. పెండ్లి వయసాయె. కణాలు మాట్లాడుకునుడేంది? ఊళ్లె అడిగితె ఏం చెప్పాలె? చదువు బంద్ చేయించి ఇంటికి పిలిపించాల్నా?"

అన్నా, మీ ప్రశ్న చిన్నది కాదు. అయితే దానికి జవాబు సగం మీ కల్లంలోనే ఉన్నది.

జనవరి దాటితే మీ వైపు పసుపు ఉడకబెడతారు. మీ పొయ్యి వెలిగిన సంగతి పక్క చేనువారికి ఎవరు చెప్పారు? మీరు ఫోను చేయలేదు, మనిషిని పంపలేదు. ఆ వాసనే చెప్పింది. వాసన అంటే ఏమిటి? కంటికి కనిపించని అణువులు గాలిలో తేలి వచ్చి ముక్కును తాకడమే. చీమ వెనుక వచ్చే చీమలకు దారి చెప్పేదీ ఇలాగే. మన దేహంలో కణాలు మాట్లాడుకునేదీ ఎక్కువగా ఇలాగే.

షుగరు జబ్బునే తీసుకోండి. అన్నం తిన్న తరువాత క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను రక్తంలోకి విడుస్తుంది. "చక్కెర వచ్చింది, లోపలికి తీసుకోండి" అని కణాలకు అది చెప్పే కబురు. టైప్ 1 షుగరులో ఆ కబురు పంపే కణాలే నశిస్తాయి. టైప్ 2లో కబురు వస్తుంది గాని కణాలు సరిగా వినవు. పైకి రెండింటిలోనూ రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఒకచోట పంపేవాడు లేడు, మరొకచోట వినేవాడు సరిగా వినడం లేదు.

మూడో కష్టం రైతులకు బాగా తెలుసు. నరం కండరానికి అసిటైల్‌కోలిన్ అనే అణువుతో కబురు పంపుతుంది. కండరం కదలగానే ఒక ఎంజైము వచ్చి ఆ కబురును తుడిచివేస్తుంది. మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందు ఒంట్లోకి పోతే ఆ తుడిచే ఎంజైమునే కట్టివేస్తుంది. పాత కబుర్లు పోవు, వాటి మీద కొత్తవి వచ్చి పడతాయి. నోట చొంగ, కంట నీరు, కండరాల వణుకు, చివరకు ఊపిరి ఆగిపోవడం. కబురు చేరడం ఎంత ముఖ్యమో, పని అయ్యాక అది తొలగిపోవడమూ అంతే ముఖ్యం.

మీ బిడ్డ చదివే శాస్త్రం ఈ చోటనే నిలిచి ఉన్నది. 2013లో కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేస్తున్న నరిమన్ ఫర్సాద్, ఆయన ఆచార్యుడు ఆండ్రూ ఎక్‌ఫర్డ్, ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన వైసీ గువో కలిసి ఒక బల్ల మీద ప్రయోగం చేశారు. ఒకవైపు ఆల్కహాలు చల్లే పిచికారీ, దాని వెనుక ఫ్యాను, కొన్ని మీటర్ల అవతల ఆవిరిని పసిగట్టే పరికరం. వైరు లేదు, రేడియో లేదు. "ఓ కెనడా" అన్న మాట అవతలికి చేరింది. అక్కడ ఎదురైన చిక్కేమిటో తెలుసా? ముందు చల్లిన ఆవిరి పోకముందే తరువాతది వచ్చి కలిసిపోవడం! మన నరాలు ఏనాడో పరిష్కరించుకున్న చిక్కే అది. అందుకే ఈ పరిశోధకులు దేహం దగ్గర పాఠం నేర్చుకుంటున్నారు. మందు ఒళ్లంతా పారకుండా రోగమున్న కణానికే చేరాలి, తగినంతే చేరాలి. ఇది ఇంకా ప్రయోగశాలలో ఉన్న విద్య. రేపే ఆసుపత్రికి వస్తుందని నేను చెప్పను.

అయితే ఇంత ఆలస్యమయ్యే చదువు ఎందుకు? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోండి. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరినీ తీసుకుపోయింది. అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ చదివి, 1930లో హార్వర్డులో పి.హెచ్.డి. పొందారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది మందైంది. సోదరులకు మాత్రం అందలేదు. ఆ బృందమే ఫోలిక్ ఆసిడ్‌ను పోలిన అణువులనూ చేసింది. కాన్సరు కణం తనకు కావలసిన కబురే అనుకొని వాటిని లోపలికి తీసుకుంటుంది, తీసుకొని పెరగలేకపోతుంది. 1948లో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు పిల్లలలో కొందరికి కొంతకాలం ఉపశమనం కలిగినట్లు ప్రకటించింది ఆ జాతి మందుతోనే. సుబ్బారావు గారు ఆ ఏడే కన్నుమూశారు. 2021లో అమెరికాలో అనుమతి పొందిన పాఫోలాసియానిన్ అనే రంగుమందు ఫోలిక్ ఆసిడ్ పోలికనే చిరునామాగా వాడుకొని, అండాశయపు కాన్సరు ఎక్కడుందో సర్జనుకు వెలిగించి చూపుతుంది. ఆయన వెళ్లిపోయిన 73 సంవత్సరాలకు!

అన్నా, విత్తిన పసుపు ఎనిమిది, తొమ్మిది నెలలు మట్టి కింద ఊరుతుంది. మధ్యలో తవ్వి చూసిన రైతు ఎవరైనా ఉన్నాడా?

చివరగా ఒక్క మాట. నిలిచిన నీటిలో అణువు తనంత తానే పాకిపోవలసివస్తే, దూరం పదింతలైతే పట్టే కాలం వందింతలవుతుంది. కణం వెడల్పును క్షణంలో దాటే చక్కెర అణువుకు ఒక సెంటీమీటరు దాటడానికి ఒక రోజుకు పైనే పట్టవచ్చు. మీరు ఇంత దూరాన ఉన్న నాకు ఉత్తరం రాశారు. ఇంట్లో ఉన్నప్పుడు బిడ్డను అడిగారా? ఊళ్లోవారి మాటలు మీ చెవిలో ఇంకా తొలగిపోకుండా ఉంటే, ఆమె మాట మీకెలా వినబడుతుంది? ఈసారి ఆమె సెలవులకు వచ్చినప్పుడు కల్లం దగ్గర పక్కన కూర్చోబెట్టుకొని, "బిడ్డా, నువ్వేం చదువుతున్నవో నాకు చెప్పు" అనండి. పెండ్లి సంగతీ అప్పుడే ఆమెనే అడగండి. తీర్పు ముందుగా చెప్పకండి, ముందు వినండి.

శ్రోతలారా, మన ఇళ్లలోనూ పంపేవారు లేక కొన్ని, వినేవారు లేక కొన్ని కబుర్లు ఆగిపోతున్నాయి. ఈ రాత్రి ఒకటైనా చేరును గాక. సెలవు.