పరిమళము లేని పువ్వు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసి, సాయంకాలములు ఈ గ్రంథాలయపు బల్లవద్ద నాలుగు కావ్యములు చదువుకొన్నవాడను. విద్య లేనివాడు రూపవంతుడైనను వాసనలేని కింశుకమువలె శోభింపడని పూర్వులు చెప్పిరి. కింశుకమనగా మన మోదుగయే. బడిచదువు చాలని నాకు ఆ మాట నన్నే అన్నట్లు తోచినది.

కాని ఆ చెట్టును కొన్నేండ్లు పరికించి చూడగా వేరొక సంగతి తెలిసినది. మాఘ ఫాల్గుణములలో ఆకురాలిన కొమ్మలపై చిలుకముక్కువంటి పూలు నిప్పుకణికలవలె విచ్చును. గోరువంకలు, తేనెపిట్టలు తేనెకై వచ్చి పుప్పొడిని పూవునుండి పూవునకు చేర్చును. పక్షులు ముఖ్యముగా రంగు చూచి వచ్చును. అతిథులకు అక్కరలేని పరిమళము లేకుండుట ఆ పువ్వునకు కొరత యెట్లగును?

ఇక దాని మేలు చూడుడు. ఆకు విస్తరియగును, పుల్ల సమిధయగును, కొమ్మ ఉపనయనమున వటువునకు దండమగును, పూలు నానబెట్టిన హోళీనాటి వసంతమునకు రంగగును. లక్కపురుగునకు అది ఆశ్రయము. వేరునార త్రాళ్ళకు పనికివచ్చును. చౌడునేలలోను, నీరు నిలుచు నేలలోను బ్రతికి, రాల్చిన ఆకుతో ఆ నేలకే ఎరువు పెట్టును.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. చెరువు వెనుకటి చౌడునేలను ఏటేట 'నిరుపయోగము' అని వ్రాసితిని. అందలి మోదుగలను కొందరు కొట్టుచుండగా అడ్డు చెప్పనైతిని. ఆ వేసవి విస్తళ్ళు కుట్టి బ్రతుకు ముగ్గురు స్త్రీలు మా వాకిట నిలిచి, "అయ్యగారూ, మా ఆకులేవండీ?" అని యడిగిరి. ముప్పదియేండ్ల నా లెక్కలలో ఆ ఆకుల పద్దు లేదు. ఆ తల్లులకు అక్షరములు రావు. ఆ నేల విలువ నాకంటె వారికే తెలిసినది.

ఇంకను పదునొకండు చెట్లు మిగిలియున్నవి. వానిపై గొడ్డలి పడకుండ చూడుడని నా మనవి. మోదుగకాయలో గింజ ఒక్కటే యుండును. జ్యేష్ఠమున ముదిరిన కాయలేరి, తొలకరికి చౌడున నాటుదము. ఆ ముగ్గురు తల్లులను మన గ్రంథాలయమునకు పిలిచి, వారి బిడ్డలకు అక్షరములు నేర్పి, వారివద్ద మనము చెట్లను నేర్చుకొందము.

సెలవు.