అన్ని రోగాలకూ ఒక్కటే మందా?

(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కర్నూలు, కడప పల్లెల్లో ఏ సంతకు పోయినా ఒక సీసా అమ్మేవాడు కనపడతాడు. కీళ్లనొప్పి, చక్కెర జబ్బు, కామెర్లు, పక్షవాతం అన్నిటికీ అదే సీసా. రోగాలు పుట్టే కారణాలు వేరువేరైనప్పుడు మందు ఒక్కటెట్లా అవుతుందప్పా?

శొంఠి కషాయం, వాము నీళ్లు మన అమ్మలక్కల ఎరుక. వాటిని మేం ఎగతాళి చేయం. జలుబుకు కషాయం తాగండి. పాము కరిస్తే మాత్రం పసరు కోసం తిరగొద్దు.

ఈ మందులకు పేరెట్లా వస్తాది? పాములన్నిటికీ విషం లేదు. విషప్పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అట్లా బతికినోడు 'పసరుతో బతికినా' అని పదూళ్లకు చెప్తాడు. సచ్చినోడు వచ్చి చెప్పడు గదా! చెడిపోయిన నీళ్లతో వచ్చే కామెర్లూ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు ఆకుమందుకు పోతాది.

2021 మే నెలలో, కరోనా కాలంలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందుకు వేలమంది ఎగబడినారు. మే 31న ప్రభుత్వం కంట్లో వేసే మందును ఆపి, కొన్నింటికి అనుమతిచ్చింది. ఆ మందుతో కరోనా తగ్గుతుందనే నిర్ధారణ లేదని కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి నివేదికే చెప్పింది. హాని లేదనడం వేరు, నయం చేస్తుందనడం వేరు. ఆ జనాన్ని మేం తిట్టం. ఆసుపత్రుల్లో మంచాలు, ఆక్సిజన్ దొరకని రోజులవి.

చేలో కలుపు తీసేది, రాత్రిపూట నీళ్లు కట్టేది మనం. పాముకాటూ మనకే. నాగుబాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ విరుగుడు సూది ఉంది. గాయం కోయొద్దు, తాడు బిగించొద్దు. 108కు ఫోన్ చేయండి. కుక్క కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, సూదులన్నీ వేయించుకోండి. పిచ్చి లక్షణాలు బయటపడినాక బతకడం దాదాపు లేదు.

చక్కెర జబ్బు, క్యాన్సర్, పక్షవాతం నయం చేస్తామని మందుకు ప్రకటన చేయడం 1954 చట్టం ప్రకారం నేరం. సీసా అమ్మేవాణ్ణి ఆ మాట అడగండి.

మనవాళ్లు పసరాయన కాడికి ఎందుకు పోతారు? ఆసుపత్రి దూరం. ఒకరోజు కూలి పోతాది. పోయినా 'మీదే వాడ?' అనే చూపు. పసరాయన పక్క ఊర్లోనే ఉంటాడు. మూఢనమ్మకమని మనల్ని తిట్టి సర్కారు తప్పించుకుంటే ఊరుకోం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాము సూది, కుక్క సూది ఉండాలి. రాత్రిపూట కూడా వేసేవాళ్లుండాలి.

ఈ వారమే నలుగురు కలిసి పోయి అడగండి. ఉంటే వాడంతా చాటండి. లేకపోతే అర్జీ రాసి, అందరం వేలిముద్రలు, సంతకాలు పెడదాం.

జై భీమ్!