పని నిలిచిన పల్లె నిలుచును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



మహాభారతమున సభాపర్వమునందు నారదమహర్షి ధర్మరాజు కొలువునకు విచ్చేసి కుశలమడిగిన ఘట్టము పెద్దలెరిగినదే. ఆ ప్రశ్నలలో సేనలను, దుర్గములను గూర్చినవాటి నడుమ పల్లెలను గూర్చినవియు గలవు. రాజ్యమున చెరువులు నిండియున్నవా? సేద్యము కేవలము వానను నమ్ముకొని యుండలేదు గదా? చితికిన రైతునకు విత్తనమును, గ్రాసమును అందుచున్నవా? నూటి కొకటి వడ్డీకి అప్పు దొరకుచున్నదా? శిల్పులకు నాలుగు మాసములకు తక్కువ గాకుండ సరకును, పనిముట్లను సమకూర్చుచున్నావా? ఇవి మూలభారతమునందలి ప్రశ్నలు. వీనిలో చివరిదే నేటి ప్రసంగమునకు ఆధారము.

గోపాలపట్నము ఈ ప్రశ్న వేసుకొనదగిన తావు. చేరువనున్న విశాఖతీరమున 1933లో ఓడరేవు తెరువబడినది. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడినది. అందు నిర్మితమైన ‘జల ఉష’ 1948లో నీట దిగినది. 1966లో ఉక్కు కర్మాగారమునకై ఆంధ్రదేశమంతయు ఉద్యమించెను. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో ఆ కర్మాగారము జాతికి అంకితమైనది. నాగలి పట్టిన చేతులు యంత్రములు పట్టినవి. ఎన్నో కుటుంబములు బాగుపడినవి. దానిని కాదనుట కృతఘ్నత. నేడు గోపాలపట్నమే నగరములో కలిసిపోయినది. అయినను, పనికై నగరము చేరిన యువకుని వెనుక ఎచ్చటనో ఒక పల్లెలో ఒక వాకిలి వృద్ధులకు మిగిలినది. ఎంత గొప్ప రేవైనను వచ్చినవారికందరికి పని చూపజాలదు. ఆ పల్లెలలోనే పని నిలుచు మార్గము కలదా?

ఈ ప్రశ్నకు ఒక సమాధానము అనకాపల్లి జిల్లాలో, వరాహానది యొడ్డున, ఏటికొప్పాకలో కనబడును. అచ్చటి పనివారు అంకుడు కర్రను తరిమెన పట్టి బొమ్మలు చేయుదురు. తిరుగుచున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తిపట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కర్రనంటుకొనును. చూచుటకు సులభము, చేయి తిరుగుటకు ఏండ్లు పట్టును. మధ్యకాలమున రసాయనపు రంగులు ప్రవేశించినవి. అవి వెల తక్కువ, మెరుపు ఎక్కువ. కాని బొమ్మను పసివాడు నోట పెట్టుకొనును. రంగులో సీసమువంటి లోహమున్నచో అది విషమే గదా! అట్టి సరకునకు మంచి విపణి ద్వారములు మూసుకొనును.

ఆ గ్రామవాసి శ్రీ సి.వి. రాజు తోడి పనివారితో గూడి పసుపు, నీలి, జాఫ్రా మొదలగు వృక్షజన్యమైన రంగులను లక్కకు పట్టించు విధానములను వృద్ధిచేసెను. పాత విద్యకు కొత్త పరిశోధన తోడైనది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో రాజుగారికి పద్మశ్రీ బిరుదము ప్రకటింపబడినది.

కథ ఇంతటితో ముగిసిన ఎంతయో బాగుండెడిది. బొమ్మకు పేరు వచ్చినను, చుట్టుపట్ల కొండలలో అంకుడు చెట్టు తరిగిపోయినది. గుర్తింపుపత్రము కర్రను మొలిపింపజాలదు. బిరుదము తరిమెనకు మేత కాజాలదు. కర్ర లేనినాడు చేతిలో విద్య యున్నను పనివాడు కూలికి పోవలసినదే. తండ్రి కూలికి పోయిన యింట కొడుకు ఆ విద్య నేర్వడు. ఒక తరము నేర్వనిచో మరుతరమునకు నేర్పువారుండరు. శిల్పులకు సరకున్నదా యని నారదుడు అడుగుటలోని అంతరార్థమిదియే.

కూలిపని చిన్నదని దీని భావము కాదు. 2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము కుటుంబమునకు ఏటికి 100 దినముల పనిని హక్కుగా ప్రసాదించెను. అది 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆరంభింపబడినది. పనిలేని మాసములలో పేదయింటి పొయ్యి వెలుగుట మహోపకారమే. అయితే కూలి డబ్బు ఖర్చుపద్దులో ఒకనాటితో తీరిపోవును. ఆ కూలితో జరిగిన పని ఊరి ఆస్తిగా నిలువవలెను. కూలితో త్రవ్విన చెరువు మూడవ యేట గూడ నీరు నిలిపినచో అది సేద్యమగును. కూలితో నాటిన అంకుడు మొక్క బ్రతికి చెట్టయినచో అది వృత్తియగును. నాటుటకిచ్చిన శ్రద్ధ బ్రతికించుటకును ఈయవలెను.

సరకున్నను అమ్ముకొను దారి లేనిచో శ్రమఫలము దళారి పాలగును. ఇందులకే 1956లో విశాఖపట్నము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. చింతపండు, తేనె మొదలగు అటవీఫలసాయమును గిరిజనులయొద్ద కొని విక్రయించుట దాని పని. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కలిగినది. కొండపై పండిన గింజ పేరు దేశాంతరములకు పోయినది. ఆ పేరుతోపాటు వెలలో న్యాయమైన పాలు గింజ కోసిన చేతికి చేరినప్పుడే ఆ కీర్తి సార్థకము.

కావున సరకు, విద్య, విపణి ఈ మూడును కలిసినచోట పని నిలుచును. ఒకటి తప్పినను మూడు కాళ్ళ పీట ఒరిగినట్లే.

ఇందు గ్రంథాలయము చేయదగినదేమి? 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాటి నుండి తెలుగునాట గ్రంథాలయములు ప్రజలకు మేలుకొలుపు పాడినవి. నేడును ఈ బల్లపై ఒక చిట్టా పుస్తకము ఉంచవచ్చును. ఏ యింట ఏ విద్య యున్నది, ఎవరికి ఏ సరకు కొరవడినది, ఎన్ని మాసములకు చాలునంత యున్నది అని అందు వ్రాయవచ్చును. నెలకొక సాయంకాలము సహకారసంఘముల నియమములను, ప్రభుత్వ ప్రకటనలను చదువరాని వారికి చదివి వినిపింపవచ్చును. వృద్ధుడైన పనివానిని పిలిచి బాలురకు అతని చేతిపని చూపింపవచ్చును. ఇందులకు పెద్ద ధనము అక్కరలేదు. విడువని పూనిక కావలెను.

ఇరువదియైదు ఏండ్లుగా ఈ తలుపులు తెరచియుంచిన వారికి ఆ పూనిక కొత్త కాదు. రానున్న స్వర్ణోత్సవమున ఎవరైన నారదుని ప్రశ్నను మరల అడిగినచో, ఆ చిట్టా తెరచి సమాధానము చూపగలుగుదురు గాక!

స్వస్తి.