పాత నెగటివులను కాపాడుకొందము
(శతజయంతి సందర్భమున సంఘ సభ్యులకు చేసిన ప్రసంగము)



మన పాస్టరేటు బీరువాలో ఒక రేకుపెట్టె ఉన్నది. పాత మందిరము, దానిని కట్టిన పెద్దలు, బడిపిల్లలు అందులో నెగటివులుగా, స్లయిడ్లుగా ఉన్నారు. మొన్న మూత తీయగా పులిసిన వాసన వచ్చినది. అసిటేట్ ఫిలిము శిథిలమగునప్పుడు వచ్చు వాసన అది. వేడి, తేమ దానిని త్వరపరచును. మొదలైన పాడును నెమ్మదింపజేయగలమే గాని మాన్పలేము. కనుక ఆలస్యము తగదు.

వీటిని కెమెరాతో తీసి కంప్యూటరులో భద్రపరచుటకు ఏ సామగ్రి కొనవలెనని యువజనులు అడిగిరి. నేను చదివినది వేదాంతము, ఫోటోగ్రఫీ కాదు. మొదట ఫిలిమును బల్లదీపము ముందు పట్టి సెల్‌ఫోనుతో తీసి, మసక బొమ్మలు తెచ్చుకొన్నాను. ఆ పొరపాటే నాకు పాఠమైనది.

మొదటిది లెన్సు. 35 మి.మీ. ఫిలిముపై ఒక్కొక్క బొమ్మ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు మాత్రమే. దానిని ఫ్రేము నిండ తీయుటకు మాక్రో లెన్సు అవసరము. కెమెరా కొత్తది కానక్కరలేదు. 24 మెగాపిక్సెళ్ల పాత కెమెరా అయినను అంగుళమునకు సుమారు 4,000 చుక్కల వివరము నిచ్చును. ధనము ముందుగా లెన్సుపై పెట్టుడి.

రెండవది వెలుగు. ఎల్.ఇ.డి. పలక కొనునప్పుడు దాని సి.ఆర్.ఐ. 95కు తగ్గకుండ చూడుడి. నాసి దీపము క్రింద రంగులు సరిగా రావు. ఫిలిమును పలకకు ఆనించక కొంత ఎత్తున ఉంచిన, పలకమీది ధూళి బొమ్మలో కనబడదు. గదిలోని ఇతర దీపములు ఆర్పవలెను.

మూడవది స్టాండు. కెమెరా, ఫిలిము సమాంతరముగా ఉండవలెను. ఫిలిము ఉండుచోట చిన్న అద్దము పెట్టుడి. కెమెరాలో లెన్సు ప్రతిబింబము సరిగా నడుమ కనబడిన కుదిరినట్లే. చుట్టుకొనిపోవు నెగటివును చదునుగా పట్టు హోల్డరు, ధూళి ఊదు రబ్బరు బ్లోయరు తప్పనిసరి. నోటితో ఊదకుడి, తుంపర పడును. ఎఫ్/8, ఐ.ఎస్.ఓ. 100 ఉంచి, రా ఫైలుగా, టైమరుతో తీసిన కదలిక ఉండదు.

తీసిన ఫైళ్లను కనీసము రెండు వేర్వేరు చోట్ల దాచుడి. నెగటివులను పారవేయకుడి, అసలు అవే.

చివరగా ఒక మనవి. పరికరములు రేపైనను దొరకును. ఆ బొమ్మలలోని ముఖములను చూచి పేర్లు చెప్పగల అమ్మమ్మలు, తాతయ్యలు మన మధ్య కొద్దిమందే ఉన్నారు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే, నోటుపుస్తకముతో వారి ప్రక్కన కూర్చుండుడి.