క్యాసెట్టు వేషంలో చిరుతపులి
(రేడియో ప్రసంగ పాఠం)

జార్జ్ టౌన్ నుంచి మాట్లాడుతున్నాను. నేను ఐ.టి. కన్సల్టెంటుని. కంపెనీలు కొనబోయే సాఫ్ట్‌వేరు వాళ్ళకి పనికొస్తుందో లేదో పరీక్షించి చెప్పడం నా ఉద్యోగం. ఈవేళ సాఫ్ట్‌వేరుని పక్కన పెట్టి ఒక బొమ్మని పరీక్షిద్దాం. అగ్గిపెట్టెకి అటూ ఇటూగా ఉంటుంది, పలచగా ఉంటుంది. చూడ్డానికి టేపురికార్డరు క్యాసెట్టు. విప్పితే నాలుగు కాళ్ళ చిరుతపులి. పేరు రావేజ్.

ట్రాన్స్‌ఫార్మర్స్ పేరు వినని తల్లిదండ్రులు ఈ రోజుల్లో ఉండరు. అమెరికా కంపెనీ హాస్‌బ్రో వాటిని 1984లో మార్కెట్లోకి తెచ్చింది. కానీ చాలా బొమ్మల అసలు పుట్టిల్లు జపాన్. అక్కడ తకారా అనే కంపెనీ డయాక్లోన్, మైక్రోమాన్ అని రెండు రకాల బొమ్మలు చేసేది. డయాక్లోన్‌లో కార్లు, విమానాలు రోబోలయ్యేవి. మైక్రోమాన్ ఆలోచన వేరు. మనుషుల మధ్యే చిన్న చిన్న ప్రాణులు తిరుగుతుంటాయన్నది దాని కథ. అందుకని 1983లో వచ్చిన మైక్రో చేంజ్ బొమ్మలు కెమెరా, మైక్రోస్కోపు, క్యాసెట్టు లాంటి మామూలు వస్తువుల వేషం వేసుకున్నాయి. మన చిరుతపులి ఆ బాపతే.

దీని డిజైనులో వింత ఎక్కడుందో చూడండి. కారుగా మారే రోబో ఎంత బాగున్నా అది బొమ్మ కారే, రోడ్డు మీద కారని ఎవరూ పొరబడరు. ఈ క్యాసెట్టు మాత్రం ఇంచుమించు అసలు మైక్రో క్యాసెట్టు సైజులోనే ఉంటుంది. టేబులు మీద నాలుగు క్యాసెట్ల మధ్య పెడితే నిజంగానే దాక్కోగలదు. కథలో దీని పని కూడా అదే, గూఢచర్యం. సౌండ్‌వేవ్ అనే టేపురికార్డరు రోబో ఛాతీలోంచి బయటికి దూకి, శత్రువుల మాటలు విని వస్తుంది.

ఇక్కడ లోరోంగ్ కులిట్‌లో పొద్దున్నపూట పాత సామాన్ల సంత జరుగుతుంది. గడియారాలు, నాణేలు, విరిగిన రేడియోల మధ్య ఈ బొమ్మ కనిపిస్తే బేరమాడి కొన్నాను. మా వాడికి ఏడేళ్ళు. ఇలాంటి బొమ్మకి నేను పెట్టే పరీక్షలు మూడు.

మొదటిది: పిల్లవాడు తనంతట తాను మార్చుకోగలడా? పెద్దల కోసం చేసే ఖరీదైన రోబోలని కాగితం ముందు పెట్టుకుని అరగంట మడవాలి. అవి నాన్నల బొమ్మలు, పిల్లలు పక్కన కూర్చుని చూడాలంతే. రావేజ్ అలా కాదు. కాళ్ళు విప్పడం, తల, తోక బయటికి తీయడం, అంతే. మా వాడు రెండోసారికే నా సాయం అక్కర్లేదన్నాడు. పాసయింది.

రెండోది: రెండు రూపాలూ నిలబడతాయా? పక్క నుంచి చూస్తే ఠీవిగా చిరుతే. ఎదురుగా చూస్తే మాత్రం అప్పడం! క్యాసెట్టు మందమే దాని ఒంటి మందం మరి. తొడలకి తగిలించే రెండు ఆయుధాలు క్యాసెట్టులో ఇమడవు, విడిగా దాచుకోవాలి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఇక్కడ జాగ్రత్త పడాలి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మి.మీ. వ్యాసమున్న ఒక గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడగలదని లెక్క. ఈ ఆయుధాలు అందులో పడిపోతాయి. సగం మార్కులు.

మూడోదే అసలు పరీక్ష. వేషం చెల్లుతుందా?

మన ఊళ్ళలో పగటివేషాల వాళ్ళు వచ్చేవారు. ఒకే మనిషి తెర అడ్డం పెట్టుకుని ఓ పక్క శివుడు, ఓ పక్క పార్వతి అయ్యే అర్ధనారీశ్వర వేషం చాలామంది వినే ఉంటారు. చూసేవాళ్ళకి శివుడెవరో, పార్వతెవరో తెలుసు కనకే ఆ వేషం పండేది. మా వాడు క్యాసెట్టుని అటూ ఇటూ తిప్పి, “నాన్నా, ఇది పవర్ బ్యాంకా?” అన్నాడు. ఇంట్లో ఒక్క క్యాసెట్టు కూడా లేనప్పుడు అందరి కళ్ళూ దీని మీదే పడతాయి. దాక్కోవాల్సిన గూఢచారి బట్టబయలు!

ఈ చిక్కు బొమ్మలు చేసేవాళ్ళకీ ఎదురైంది. 2007లో జపాన్‌లో సౌండ్‌వేవ్‌ని నిజంగా పాటలు వినిపించే ఎంపీత్రీ ప్లేయరుగా చేశారు. 2012లో ఒక వరసలో క్యాసెట్ల బదులు డిస్కులొచ్చాయి. ఇప్పుడు ఎంపీత్రీ ప్లేయరు కూడా పాతదైపోయింది. వస్తువులు మారినకొద్దీ వేషం మార్చడం అయ్యే పని కాదు.

నేను ఇంకో దారి పట్టాను. మాది కోనసీమ. 1990లలో నాన్నగారు కువైట్‌లో పనిచేసేవారు. ఫోను ఖరీదెక్కువ, అందుకని ఊరి నుంచి వెళ్ళేవాళ్ళ చేత మా మామ్మ మాటలు క్యాసెట్టులో పంపేవాళ్ళం. వాటిలో ఒకటి నా దగ్గరుంది. అదే సంతలో ఒక ప్లేయరు సంపాదించి పెట్టాను. గరగరల మధ్య మామ్మ గొంతు: “ఒరేయ్, కొబ్బరి దింపు అయింది. డబ్బుకి తొందర లేదు, వేళకి తిను.” మా వాడు తాతమ్మని చూడలేదు. కదలకుండా విన్నాడు. తర్వాత ఆ పెద్ద క్యాసెట్టుని, చిన్నదాన్నీ పక్కపక్కన పెట్టి, “ఇది దీని అన్నయ్యా?” అన్నాడు. సాయంత్రానికి బొమ్మ క్యాసెట్టు మా భోజనాల బల్ల మీద, పచ్చడి సీసా వెనక నక్కి ఉంది. “మాట్లాడండి, అది వింటోంది” అన్నాడు. ఆట అప్పుడు మొదలైంది.

కాబట్టి నా తీర్పు ఇది. బొమ్మ మంచిదే, కానీ సగమే పెట్టెలో వస్తుంది. రెండో సగం మనం ఇవ్వాలి. పిల్లలకి ఇలాంటిది కొంటే, అది దేని వేషం వేసుకుందో ఆ వస్తువుని ముందు చూపించండి, వీలైతే పని చేయించి వినిపించండి.

మీ ఇళ్ళలో పాత క్యాసెట్లుంటే ఇంకో మాట. పెనాంగ్ లాంటి తేమ ఊళ్ళలో టేపుకి బూజు పడుతుంది. తెల్లటి మచ్చలు కనిపిస్తే ప్లేయరులో పెట్టకండి, తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించండి. బాగున్నవాటిని ఈ సెలవుల్లోనే కంప్యూటర్లోకి ఎక్కించండి. చిరుతపులి దుకాణంలో మళ్ళీ దొరుకుతుంది, మామ్మ గొంతు దొరకదు.